పూలు లేకుండా దిగిన ఏడు

ఆ వేసవి మా ఆవులు కొండెక్కింది జూన్ పన్నెండున. తేదీ ఎందుకు గుర్తుందంటే, ముందురోజే డాక్టరు నా మోకాలికి సూది పొడిచి, "నెల్లాళ్ళు మెట్లెక్కకండి పెద్దమ్మా" అన్నాడు. మెట్లెక్కొద్దన్నాడు గానీ కొండెక్కొద్దనలేదు కదా.

పైకి వస్తానన్న పనిమనిషి చివరి వారంలో ఫోన్ చేసి రానంది. మా వ్రోనీ ఆ ఫోన్ పట్టుకుని వంటింట్లో ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిరుగుతోంది. వ్రోనీ నా మనవరాలు, మా అబ్బాయి లోయిస్ కూతురు. పట్నం వెళ్ళి ఇన్స్‌బ్రుక్‌లో వ్యాపారం చదువు చివరి ఏడాది చదువుతోంది. లోయిస్ బల్ల దగ్గర కూర్చుని బార్లీ సూప్ తాగుతూ, తల ఎత్తకుండానే అన్నాడు:

"పాలు పితకడానికి యూనివర్సిటీ ఎందుకే అంటే విన్నావా?"

"పితకడానికి కాదు నాన్నా, అమ్మడానికి."

"అమ్ముతూనే ఉన్నాంగా. రోజూ పొద్దున్నే డెయిరీ బండి వచ్చి పట్టుకెళ్ళట్లా?"

"వాళ్ళు పట్టుకెళ్తున్నారు. మనం అమ్మట్లేదు. రెండూ ఒకటి కాదు."

ఆ పిల్ల ఆలోచన ఇదీ. మా పధ్నాలుగు ఆవులకు తోడు బయటి ఇళ్ళ ఆవుల్ని కూడా వేసవి మేతకు పైకి తోలుకెళ్ళాలి. ఆ పాలు డెయిరీకి పంపకుండా పైనే చీజ్ చెయ్యాలి. దానిమీద మా ఇంటిపేరు ముద్ర వేసి హోటళ్ళకు మనమే అమ్మాలి. చదువు చివర్లో ఇవ్వాల్సిన పెద్ద పరీక్ష పని కూడా ఇదేనట. పుస్తకంలో రాసి చూపించడం కాదు, చేసి చూపిస్తానని పంతులుగారికి చెప్పి వచ్చింది.

లోయిస్ చెంచా కింద పెట్టాడు. "ఈ ఒక్క వేసవి ఇస్తున్నా. సెప్టెంబరులో ఆవులు పూలు కట్టుకుని కొండ దిగేరోజుకు చీజ్ కొనేవాడు సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఆవుల్ని లారీ ఎక్కిస్తా. చలికాలం ఎలాగూ మంచు మీద జారేవాళ్ళని తాడుబండి ఎక్కిస్తున్నా కదా, వేసవిలోనూ ఆ పనే చేసుకుంటా. నా నడుము ఇంక వంగదు."

వాడు కోపంగా అనలేదు. అందుకే భయమేసింది. మా ఇంట్లో ఆవులు లేని రోజు నేను చూడలేదు. నేను బడికి వెళ్ళింది ఆరు చలికాలాలే. తర్వాత నలభై ఒక్క వేసవులు కొండమీది మా పాకలోనే, ఆవులతో గడిపాను. అది మూసి పద్దెనిమిదేళ్ళయింది.

"పనిమనిషి ఎందుకే, నేను లేనా?" అన్నాను.

ఇద్దరూ నా మోకాలి వంక చూశారు.

* * *

మా లోయలో వ్రోనీ ప్రతి గడపా ఎక్కింది. దాదాపు ఎవరూ ఆవుని ఇవ్వలేదు. వాస్టల్ అనే రైతయితే ఆదివారం చర్చి ముందు అందరిలో అడిగాడు: "ఏమ్మా, నా ఆవులు నీ దగ్గర ఏం చదువుకుంటాయి? దిగొచ్చేసరికి లెక్కలొస్తాయా?" అందరూ నవ్వారు. ఆ పిల్లా నవ్వింది గానీ దాని చెవులు ఎర్రబడ్డాయి. చివరికి పక్క లోయలో ఎనిమిది దొరికాయి. మా లోయలో ఇచ్చింది ఒక్క ఎగీడే.

ఎగీడ్ మా కింది ఇంటాయన. భార్య పోయింది, మూడు ఆవులు మిగిలాయి. అందులో ఒకటి ఫాల్కా. దాన్ని తాడు పట్టుకుని మా వాకిట్లోకి తెచ్చి, తాడు వ్రోనీ చేతికివ్వకుండా నా వంక చూశాడు.

"బుర్గీ, దీన్ని రెండుసార్లు పిలవాలి. మొదటిసారి వింటుంది, కదలదు. రెండోసారికి వస్తుంది."

"మా ఆయన కూడా అంతే ఉండేవాడు" అన్నాను.

"నవ్వులాట కాదు."

"సరేలేవయ్యా. రెండుసార్లు పిలుస్తాం."

అప్పుడిచ్చాడు తాడు. వ్రోనీ సంతకం చెయ్యమని ఒక కాగితం చూపించింది. మీ ఆవుని మా ఇంటి ఆవులాగే చూసుకుంటామని అందులో రాసి ఉంది. ఎగీడ్ దాన్ని చదవకుండానే సంతకం చేసి, "ఇది రాసుకోవాలా?" అన్నాడు.

* * *

పైన మొదటి నెల ఎలా గడిచిందో చెప్పాలంటే నాకే ఆయాసం వస్తుంది. తెల్లారకముందే పితుకుడు, తర్వాత రాగి గంగాళం కింద మంట, పాలు విరగ్గొట్టడం, గుడ్డల్లో వేసి పిండటం, చీజ్ చక్రాలకు ఉప్పునీళ్ళు రుద్దడం, మళ్ళీ పితుకుడు. వ్రోనీకి ఒక్క క్షణం నిలకడ లేదు. మంట ఎగదోస్తూ ఏదో రాసుకుంటుంది, రాస్తూ రాస్తూ లేచి ఆవుల దగ్గరికి పరిగెడుతుంది. పాకలో ఫోన్ అందదు. సిగ్నల్ కోసం రోజుకు రెండుసార్లు పై గట్టుకు ఎక్కాలి, అరగంట. హోటళ్ళవాళ్ళతో మాట్లాడి దిగొచ్చి, "ఇంకోసారి ఫోన్ చెయ్యమన్నారు నానమ్మా" అంటుంది. దాన్ని చూస్తుంటే నాకూ కాలు నిలవదు. కూర్చున్నా నా చేతులు ఊరుకోవు. కాగితాలు మడిచి గులాబీలు చేస్తూ ఉంటాను, దిగేరోజు ఆవుల కిరీటాలకు.

మొదటి ఆరు చక్రాలూ ఉబ్బి పగిలాయి. పాక వెనక పెంచే పందులకు పండగ. ఆ పిల్ల పగిలిన చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూలబడి ఏడ్చింది.

"వేడి చాల్లేదే" అన్నాను. "ఇంకొంచెం కాగాలి."

"ఇంకొంచెం అంటే ఎన్ని డిగ్రీలు?"

"నా మోచెయ్యి చెప్పినన్ని."

"నీ మోచేతిని నేను పరీక్షలో రాయలేను నానమ్మా!"

మర్నాడు నేను గంగాళంలో మోచెయ్యి పెట్టి "ఇదిగో, ఇప్పుడు" అన్నాను. అది పక్కనే థర్మామీటరు ముంచి అంకె చూసి రాసుకుంది. ఆ తర్వాత ఒక్క చక్రం పగల్లేదు. నా మోచెయ్యి రోజుకు అర డిగ్రీ కూడా తేడా రాలేదని అది ఆశ్చర్యపోయింది. నాకేం ఆశ్చర్యం లేదు, మోచెయ్యి నాదే కదా.

ఆగస్టులో అనెలీస్ వచ్చింది. లోయలోకల్లా పెద్ద హోటల్ ఆవిడదే. తెల్ల బూట్లతో పేడ తొక్కకుండా గంతులేసుకుంటూ పాకలోకి వచ్చింది. ముక్క కోసిచ్చాం. తిన్నది, ఇంకో ముక్క తనే కోసుకుంది.

"ఏడాది పొడుగునా నేనే తీసుకుంటా" అంది. "దిగేరోజు మీ వాకిట్లోనే సంతకం పెడతా. మా అతిథుల్ని రెండు బస్సుల్లో తీసుకొస్తా. పూల కిరీటాలు, పెద్ద గంటలు, అన్నీ ఉండాలి. చీజ్ ఎవరైనా చేస్తారమ్మా. నాకు కావలసింది ఆ బొమ్మ."

వ్రోనీ ఆ సాయంత్రం గట్టు మీదికి పాడుకుంటూ ఎక్కింది. వారంలో ఊరంతా పోస్టర్లు పడ్డాయి. వాటిమీద మా గాంసీ, మా మందకు ముందు నడిచే ముసలి ఆవు, ఊరి జాతరలో నెత్తిన కిరీటం పెట్టినప్పటి పాత ఫోటో. తేదీ పెద్ద అక్షరాల్లో వేశారు: సెప్టెంబరు ఇరవై.

వ్రోనీ ఒక పోస్టరు పైకి తెచ్చి నాకు చూపించింది. పైన ఒక్క ప్రాణం కూడా పోని ఏడే మేం ఆవులకు పూలు కడతాం. పోతే కట్టం, మా అత్తగారు నేర్పింది అదే. మా ఇంట్లో నాకు తెలిసి మూడుసార్లు పూలు లేకుండా దిగాం. వేసవి ఇంకా నాలుగు వారాలుండగానే పూలావు బొమ్మ గోడకెక్కించారు. ఆ మాట అనబోయాను, దాని మొహం చూసి మింగేశాను. పైగా అప్పటికి నా పెట్టెలో మూడొందల గులాబీలు చేరాయి. వాటిని చూసుకుని నేనూ మురుస్తూనే ఉన్నాను.

* * *

సెప్టెంబరు పధ్నాలుగున పొద్దుటినుంచీ గాలి వాసన మారింది. మధ్యాహ్నానికి పై గట్లు కనబడలేదు. సాయంత్రానికి మంచు మొదలైంది. వ్రోనీ అనెలీస్‌తో మాట్లాడ్డానికి గట్టెక్కబోయింది, బస్సులు ఎన్నింటికి రావాలో తేల్చుకోవాలట.

"మంచు పడుతోందే" అన్నాను.

"మాట్లాడి వెంటనే దిగొస్తా నానమ్మా. పాలిచ్చేవాటిని కట్టేశా. వట్టిపోయినవి మూడే బయట ఉన్నాయి. నువ్వు లోపలికి పిలువు చాలు."

ఆ మూడింట్లో ఫాల్కా ఒకటి. ఆగస్టు ఆఖర్లో పాలు ఆపేసింది, చూడిది. మొదటినుంచీ అది మిగతా ఆవులతో కలవలేదు. మందలోకి ఒంటరిగా వచ్చిన ఆవుని మిగతావి దగ్గరికి చేరనివ్వవు. అందుకే ఎప్పుడూ ఆ చివర, బండల అంచున మేసేది.

నేను పాక ముందున్న నీళ్ళ తొట్టి దాకా వెళ్ళి పిలిచాను. రెండు వచ్చాయి. ఫాల్కా దూరంగా బూడిదరంగు మచ్చలా కనిపించింది, తల ఎత్తింది. మంచు కళ్ళలో పడుతోంది. మోకాలు సలుపుతోంది. అదే వస్తుందిలే అనుకున్నాను. వచ్చిన రెండింటినీ కట్టేసి, పొయ్యి దగ్గరికి వెళ్ళి కాలు చాపుకున్నాను.

తెల్లారేసరికి మోకాలిలోతు మంచు. ఫాల్కా బండల కింద ప్రాణం లేకుండా దొరికింది. జారిన చోట మంచు మీద ఒక్క పొడుగాటి గీత ఉంది, అంతే.

వ్రోనీ ఆ గీత అంచున చాలాసేపు నిలబడింది. తర్వాత కిందికి నడిచివెళ్ళింది, ఎగీడ్‌కి ఫోన్‌లో చెప్పడం ఇష్టంలేక. మధ్యాహ్నం హెలికాప్టరు వచ్చి ఫాల్కాను తాడుకు వేలాడదీసి లోయ మీదుగా తీసుకెళ్ళింది. లోయంతా తలలెత్తి చూసింది.

* * *

సాయంత్రం లోయిస్ పైకి వచ్చాడు. వ్రోనీ గంగాళం దగ్గర నిలబడి పొడుగాటి కర్రతో కలుపుతోంది. లోయిస్ టోపీ తీసి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"పూలు కట్టండి" అన్నాడు.

అది వాడి నోటినుంచి వస్తుందని నేను అనుకోలేదు. ఆవుల్ని లారీ ఎక్కిస్తానన్నవాడే పూలు కట్టమంటున్నాడు. వాడికీ ఇల్లు ఖాళీ కావడం ఇష్టంలేదని అప్పుడు తెలిసింది. నేను గబగబా అందుకున్నాను.

"అవును. అది మన ఇంటిది కాదు కదా. అతిథిలా వచ్చిన ఆవు. మా అత్తగారు చెప్పిన మాట మన ఇంటి ఆవులకే. లెక్కలోకి రాదు."

ఆ మాట నా నోట్లోంచి ఎంత నున్నగా వచ్చిందో! నాకే సిగ్గేసింది. అయినా ఆపలేదు. "ఎగీడ్ కూడా ఏమీ అనుకోడు" అని కలిపాను.

వ్రోనీ కర్ర తిప్పుతూనే ఉంది.

"జూన్ నించి ఫాల్కా పాలు ఏ గంగాళంలో పోశాం నానమ్మా?"

నేను ఉప్పునీళ్ళ గుడ్డ అందుకుని చక్రాలవైపు తిరిగాను.

"పాలు పోసుకునేటప్పుడు మనది, చచ్చిపోతే వాళ్ళదా?"

"పూలు లేకపోతే అనెలీస్ సంతకం పెట్టదే" అన్నాడు లోయిస్. "సంతకం లేకపోతే ఏమవుతుందో చెప్పా. నాలుగేళ్ళు చదివావు, ఇది నేర్పలేదా?"

"నేర్పారు."

"మరి?"

ఆ పిల్ల గంగాళంలోకి తొంగి చూసింది. "వేడి తగ్గుతోంది. కింద ఇంకో రెండు కట్టెలు పెట్టు నాన్నా."

లోయిస్ వంగి కట్టెలు పెట్టాడు. పూల సంగతి మళ్ళీ ఎవరం ఎత్తలేదు. మర్నాడు వ్రోనీ గట్టెక్కి అనెలీస్‌కి ఫోన్ చేసి వచ్చింది.

"ఏమంది?"

"ఇంకా నాలుగు రోజులుంది, ఆలోచించుకో అంది. చిన్నపిల్లవి అంది."

* * *

ఇరవయ్యో తారీకున దిగాం. గాంసీ మెడకు నల్ల రిబ్బను కట్టాం. మిగతా వాటికి ఏమీ లేదు. పెద్ద గంటలు పాకలోనే వదిలేశాం. ఇరవై రెండు ఆవులు గంటలు లేకుండా రోడ్డు మీద నడుస్తుంటే గిట్టల చప్పుడు ఎంత ఉంటుందో అంతవరకు నేను వినలేదు. నన్ను అడవి రోడ్డు చివరినుంచి జీపు ఎక్కమన్నారు, నేను ఎక్కలేదు. గాంసీ పక్కనే నడిచాను.

బస్సులు వచ్చే ఉన్నాయి. ఫోన్లు ఎత్తి పట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కళ్ళే దించేశారు. ఒకావిడ తన పిల్లతో, "వీళ్ళవి పూలావులు కావా?" అంది. అనెలీస్ మా వాకిట్లో నిలబడి ఉంది, చేతిలో పచ్చ ఫైలు.

"నేను ముందే చెప్పా వ్రోనీ" అంది.

"చెప్పారండీ. చీజ్ అదే ఉంది, మీరు తిన్నదే."

"ఈ నల్ల రిబ్బన్ను నేను మెనూ మీద వేసుకోనా?" అంది. ఆవిడ చెడ్డది కాదు, ఆ మాట అని తనే కాస్త నొచ్చుకుంది. కానీ ఫైలు తెరవలేదు. బస్సులు ఎక్కించుకుని వెళ్ళిపోయింది. మేం నలభై మందికి చేసిన రొట్టె ఉండలు, పొగబెట్టిన మాంసం బల్లల మీద అలాగే ఉండిపోయాయి. మా కోడలు రోస్విత వాటిమీద గుడ్డలు కప్పుతూ వచ్చింది.

ఎగీడ్ తన గేటు దగ్గర నిలబడి మంద వెళ్ళిందాకా చూశాడట. ఆవుల్ని కట్టేశాక నేను వాళ్ళింటికి వెళ్ళాను.

"ఫాల్కా ఎగరడం చూశా బుర్గీ" అన్నాడు. "సరిగ్గా మా ఇంటి మీదనించే. ఎంత పెద్ద ఆవు!"

"ఒక్కసారే పిలిచానయ్యా" అన్నాను.

ఆయన పియర్ పళ్ళ సారా సీసా తీశాడు. గ్లాసులో పోయబోయి ఆగాడు. "పిల్లకి చెప్పావా?"

"లేదు."

"చెప్పు" అని అప్పుడు పోశాడు, నాకో గ్లాసు, ఆయనకో గ్లాసు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చి చెప్పాను. వ్రోనీ కొట్టంలో కొత్త గడ్డి పరుస్తోంది.

"తెలుసు నానమ్మా. ఆ సాయంత్రం గట్టు మీదనించి దిగొచ్చేటప్పుడు చూశా. మంచులో నీ అడుగులు తొట్టి దాకానే ఉన్నాయి." కాసేపు గడ్డి దులిపింది. "చూసి కూడా నేనూ వెళ్ళలేదు. తడిసిపోయి ఉన్నా, చలేసింది, లోపలికొచ్చేశా."

ఇద్దరం కలిసి మిగతా గడ్డి పరిచాం.

* * *

తర్వాతి పది రోజులు మా ఇంట్లో ఎవరి కాలూ ఒకచోట నిలవలేదు. లోయిస్ లారీవాడికి ఫోన్ చెయ్యాలి. రోజూ ఫోన్ దగ్గరికి వెళ్ళి, ఏదో పని గుర్తొచ్చినట్టు బయటికి వెళ్ళిపోతున్నాడు. రెండు చిన్న సత్రాలు కొంత చీజ్ తీసుకున్నాయి. మిగతాది నేలమాళిగలో బారులు తీరి ఉంది. వ్రోనీ ఇన్స్‌బ్రుక్ వెళ్ళి పరీక్షకు హాజరై వచ్చింది. చేతికందిన కొనుగోలుదారుని ఎందుకు వదులుకున్నావని ముగ్గురు పంతుళ్ళు గుచ్చిగుచ్చి అడిగారట. పాసయింది. మార్కులు అంతంతమాత్రం.

అక్టోబరు మొదటి శనివారం వాస్టల్ వచ్చాడు. మా గొడ్డలి కావాలన్నాడు. వాళ్ళింట్లో నాలుగు గొడ్డళ్ళున్నాయని లోయంతటికీ తెలుసు. గొడ్డలి చేతికిచ్చినా కదలడు.

"ఏమయ్యా, ఇంకేం కావాలి?" అన్నాను.

వాడు వ్రోనీ వంక చూడకుండా గొడ్డలి పదును చూస్తూ అడిగాడు: "వచ్చే వేసవి పైన ఎన్నింటికి చోటుంది?"

"ఎందుకు మామా? మీ ఆవులకి లెక్కలు నేర్పించాలా?" అంది వ్రోనీ.

"ఎగతాళి చెయ్యకు. నా ఆరు పెడతా. ఎగీడ్ ఆవుకోసం మీరు పూలు మానేశారు. అలా చూసుకునేవాళ్ళ దగ్గర వదిలితే నేను హాయిగా గడ్డి కోసుకుంటా."

ఆ వారంలో ఇంకో ఇద్దరు వచ్చారు. ఒకావిడకు గొడ్డలి కూడా అక్కర్లేకపోయింది, నేరుగానే అడిగింది. ఎగీడ్ రాలేదు. అడిగే ధైర్యం మాకూ లేదు. వ్రోనీ కాగితం మీద ఏదో వేసుకుని, కొట్టేసి, మళ్ళీ వేసుకుంటోంది. ఇన్ని పాలకు కొనేవాళ్ళు ఇంకా లేరు. ఆ సంగతి మాలో ఎవరూ మర్చిపోలేదు.

ఆదివారం మధ్యాహ్నం లోయిస్ కనబడలేదు. జీపు కూడా లేదు. నాకు అనుమానం వచ్చి, వ్రోనీని కారులో పైకి తీసుకెళ్ళమన్నాను. వాడు పైనే ఉన్నాడు, పాక పక్క కొట్టంలో. ఈ గోడనుంచి ఆ గోడకు పెద్ద పెద్ద అంగలు లెక్కపెట్టుకుంటూ నడుస్తున్నాడు. మమ్మల్ని చూసి ఆగాడు, మళ్ళీ మొదటినుంచి నడిచాడు.

"అమ్మా, ఈ వెనక గోడ అవతల ఏముంది?"

"బండ. కొట్టం పెంచుదామని మీ నాన్న తవ్వాలని చూశాడు. సగంలో వదిలేశాడు."

"ఎక్కడిదాకా తవ్వాడు?"

చుట్టూ తిరిగి వెళ్ళి చూపించాను. గడ్డి పెరిగిపోయి ఉంది, కాలితో తొక్కితే ఆ గుంట తెలుస్తుంది. లోయిస్ దాని అంచున నిలబడి ఒకసారి కొండ వంక, ఒకసారి ఆకాశం వంక చూశాడు. మంచు పడటానికి మహా అయితే మూడు వారాలుంది.

"పార ఒక్కటే తెచ్చా" అని వ్రోనీతో అంటూ కోటు విప్పాడు.